మగ్గం గుంతలో ఉప్పు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. ఒక మధ్యాహ్నం, ఆ ఇంట్లో ఎవరూ లేనప్పుడు, చనిపోయిన ఒక నేతగాడి మగ్గం గుంతలోకి దిగాను. ఆయన కూర్చునే చోట కూర్చుని, కాళ్ళు కిందికి వదిలి, పాదాల దగ్గరి మన్ను చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను.

ఎందుకు వేసుకున్నానో చెప్పాలంటే ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి.

సోలాపూర్‌లో, తెలుగు నేతగాళ్ళ దాజీ పేట్‌లో, ఒక రంగుల కార్ఖానాలో నేను కొన్నేళ్ళు పనిచేశాను. టవళ్ళకూ చద్దర్లకూ వాడే నూలుకు అక్కడ రంగు వేసేవాళ్ళం. రంగు పొడులు తూకం వేసి ఇవ్వడం నా పని. మాట్లాడే పని కాదు కాబట్టే అందులో చేరాను. గాలికి పొడి లేస్తుందని తూకం గది తలుపు మూసే ఉంచుతారు. ఎవరూ పలకరించరు. తూకానికీ తూకానికీ మధ్య, బల్ల కింద పెట్టుకున్న పుస్తకం తీసి చదువుకునేదాన్ని. ఎంత కడుక్కున్నా వేళ్ళకు కొంచెం రంగు ఉండిపోయేది. గ్రంథాలయం పుస్తకాల అంచుల మీద అప్పటి నా వేలిముద్రలు ఇంకా ఉండే ఉంటాయి, ఒక కథకు ఎరుపు, ఇంకో కథకు నీలం.

కొత్తగా పనిలో చేరే చెల్లెళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట చెప్పాలి. నోరు విప్పక్కర్లేని ఉద్యోగం ఎక్కడా లేదు. ఉందనుకుని నేను చాలా ధైర్యంగా చేరాను.

చేరిన కొన్నాళ్ళకే టాంకు పని కూడా నా మీద పడింది. మా బోరు నీళ్ళు గట్టి నీళ్ళు. సబ్బు నురగ రాదు, అందులో రంగు వేస్తే నూలు మీద మచ్చలు పడతాయి. అందుకని ఆ నీళ్ళను ముందు ఒక పెద్ద టాంకు గుండా పంపి మెత్తబరుస్తారు. టాంకు నిండా ఆవగింజల్లాంటి పూసలు ఉంటాయి. నీళ్ళలోని సున్నాన్ని అవి పట్టేసుకుంటాయి. కొన్నాళ్ళకు ఇక పట్టుకోలేవు. అప్పుడు చిక్కటి ఉప్పు నీళ్ళు పోసి వాటిని కడగాలి. ఆ తర్వాత ఉప్పు పోయేదాకా మామూలు నీళ్ళు వదలాలి. చిక్కటి ఉప్పు నీళ్ళు మురుగు మోరీలోకి పోతాయి. ఆ వెనక వచ్చే కడుగు నీళ్ళు మాత్రం చూడ్డానికి అద్దంలా ఉంటాయి.

మా పేటల్లో నల్లా నీళ్ళు రోజూ రావు. అలాంటి చోట అద్దంలాంటి నీళ్ళు మోరీలోకి పోతుంటే చూడ్డం కష్టం. మా మాలక్, అంటే కార్ఖానా యజమాని, చూడలేకపోయాడు.

"ఇంత సాఫ్ నీళ్ళు పోతుంటె నాకు అన్నం దిగుతలేదు," అన్నాడు ఒకరోజు రంగు మాస్టర్‌తో. "ఎదురింటి ముసలమ్మ చెట్లకన్న పోనియ్యి. పుణ్యముంటది."

అలా టాంకు నుంచి ఒక పైపు, గల్లీ మీదుగా, ఎదురింటి గోడ దాకా వెళ్ళింది. ఎవరూ అడగకుండానే మాలక్ వేయించాడు. చెడ్డవాళ్ళెవరూ లేరు ఈ కథలో. నాకు దీన్ని చెప్పడం కష్టంగా ఉన్నది అందుకే.

ఎదురింటి ఆవిడ బీడీలు చుట్టేది. పేటంతా ఆమెను అవ్వ అనే పిలిచేది, నేనూ అంతే. ఆమె భర్త గుంత మగ్గం మీద నేసేవాడు. నేల మీద కూర్చుని, కాళ్ళు గుంతలోకి వదిలి, కింద ఉన్న చెక్కలు తొక్కుతూ నేసే మగ్గం అది. ఆయన పోయాక మగ్గం అమ్మేశారు. ముందు గది రేకులు తుప్పుపట్టి రాలుతుంటే తీసేశారు. నాలుగు గుంజలూ, మంచమంత గుంతా, పైన ఆకాశమూ మిగిలాయి.

అవ్వ కొడుకు ఆటో నడిపేవాడు. కోడలు టవళ్ళ అంచులు కుట్టడానికి ఎక్కడో దూరం కార్ఖానాకు పోయివచ్చేది. ఆ గుంత పూడ్చి, సిమెంటు చేసి, పైన రేకులు వేసి, రెండు కుట్టు మిషన్లు పెట్టుకుంటే ఆమెకు ఆ తిరుగుడు తప్పుతుందని కొడుకు ఆలోచన. అవ్వ ఒప్పుకోలేదు. వాదించలేదు కూడా. ఎక్కడెక్కడి నుంచో మన్ను మోయించి గుంతలో మోకాలెత్తు పోయించి, అందులో మొక్కలు పెట్టింది.

"పచ్చగున్నన్ని దినాలు ముట్టనే అమ్మా," అన్నాడట కొడుకు. "ఎండినంక మాత్రం బూడ్చేస్త. నక్కీ?"

"నక్కీ," అని ఖాయం చేసిందట అవ్వ.

మగ్గం గుంజలకు మల్లె పాకింది. ఒక మూల చిక్కుడు, పక్కన మేం పుంటికూర అనే గోంగూర, గట్టు వెంట చేమంతి, వెనక గుంజకు బచ్చలి తీగ. అవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని, ఆ గుంత అంచునే, కాళ్ళు లోపలికి వదిలి కూర్చుని బీడీలు చుట్టేది. భర్త కూర్చున్న చోటు అదేనని నాకు చాలా రోజులు తెలియదు.

టాంకు కడిగే రోజు నీళ్ళు వదిలేముందు ఆమెను పిలవాలి, పైపు కొస గుంతలో పెట్టుకోవడానికి. గల్లీ అవతలికి వినపడేలా కేక వేయడం నా వల్ల కాలేదు. మొదటిసారి గొంతు సవరించుకుని, సవరించుకుని, చివరికి చేతిలో ఉన్న, నట్లు బిగించే పానాతో పైపు మీద రెండు దెబ్బలు కొట్టాను. అవతలి నుంచి వెంటనే జవాబు వచ్చింది.

"వచ్చిన బిడ్డా, వచ్చిన!"

అప్పటినుంచి అదే మా పద్ధతి.

రంగు మాస్టర్‌కు అది పెద్ద తమాషా. ఆయన మోచేతుల దాకా నీలంగా ఉండే మనిషి. నవ్వినప్పుడు పళ్ళు ఒక్కటే ఆయన ఒంట్లో తెల్లగా ఉన్నట్టు అనిపించేది. "నోట్ల ముత్యాలున్నయా పిల్లా, రాలుతయని భయమా? రేపు పెండ్లినాడు గూడ గట్లనే పానాతోని కొడ్తవా ఏంది?"

నేను జవాబు చెప్పేదాన్ని కాదు. ఆయనా జవాబు కోసం ఆగేవాడు కాదు.

ఉప్పు పోయిందో లేదో చూడ్డానికి ఒక చిన్న సీసాలో మందు ఉండేది, చుక్కలు వేస్తే రంగు మారేది. అది అయిపోయింది. మళ్ళీ తెప్పించలేదు. మాస్టర్‌ను అడిగితే, "నాలుక పుట్టినప్పటి సంది ఉన్నది గద, అది వాడు," అన్నాడు. అందుకని వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని చూసేదాన్ని. ఉప్పు గట్టిగా తగిలితే మోరీకి. పలచటి చారులో ఉన్నంత కూడా లేదనిపించాకే అవ్వ పైపుకు తిప్పేదాన్ని. ఈ విషయంలో నేను చాలా జాగ్రత్త. నా నాలుక ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

మొదట్లో ఆ గుంత చూడ్డానికి రెండు కళ్ళూ చాల్లేదు. అన్ని నీళ్ళు ఆ పేటలో ఏ చెట్టుకూ దొరికి ఉండవు. మల్లె గుంజలు దాటి గోడెక్కింది. అవ్వ మూర కట్టి పంపితే తూకం గదిలో పెట్టుకునేదాన్ని. రంగు పొడుల ఘాటు మధ్య ఆ వాసన కొంచెంసేపు నిలబడి పోయేది.

తర్వాత చిక్కుడు ఆకుల అంచులు మాడడం మొదలైంది. ఎవరో పొయ్యి మీద పట్టుకుని తీసినట్టు, చుట్టూ గోధుమ రంగు గీత, నడుమ పచ్చ. పూత నిలవలేదు. చిక్కుడు పోయాక మల్లె. మొగ్గలు విచ్చకుండానే రాలేవి. కొత్త ఆకులు చిన్నవిగా, దళసరిగా, ఒక రకమైన బూడిద పచ్చలో వచ్చేవి. మధ్యాహ్నమయ్యేసరికి మొక్కలన్నీ తలలు వేలాడేసేవి.

గల్లీలో ఎవరి మాట వాళ్ళు చెప్పారు. దిష్టి అన్నారు, నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. బీడీ తంబాకు పొడి పడి ఉంటుందన్నారు. కొడుకు మాత్రం నేరుగా మా కార్ఖానా వైపు చూశాడు.

"రంగు కార్ఖానా నీళ్ళు పోస్తె చెట్లు బతుకుతయా అమ్మా?"

అవ్వ గ్లాసులో నీళ్ళు పట్టి ఎండకు ఎత్తి చూపించింది. "రంగేడున్నదిరా? సూడు. నల్లా నీళ్ళు గూడ గింత సాఫ్ ఉంటయా?"

మా పేటలో అందరికీ నీళ్ళంటే రంగు భయం. మోరీలో ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నల్లగా పారే నీళ్ళను చూస్తూ పెరిగినవాళ్ళం. రంగు లేకపోతే మంచివి. ఆ గ్లాసు చూశాక ఇంకెవరూ నీళ్ళను అనుమానించలేదు.

కొడుకు ఫోన్‌లో వెతికాడు. "ఇగో, ఈ వీడియోల ఒకాయన చెట్లకు ఏదో ఉప్పు ఎయ్యుమంటుండు, పచ్చగైతయట," అన్నాడు.

"ఉప్పెందుకురా, అవి దూపతోని సస్తుంటే!" అన్నది అవ్వ. "నీళ్ళు కావాలె వాటికి."

ఆమె అన్నదాంట్లో సగం నిజమే. అవి దాహంతోనే చస్తున్నాయి. కింద మన్ను తడిగా, పైన ఆకులు వాలి. ఆమె పైపు దగ్గరికి వచ్చి అడిగేది. "ఇంకొంచెం ఇడువు బిడ్డా. సూడు ఎట్ల వాలినయో." నేను ఇంకొంచెం వదిలేదాన్ని. ఎక్కువ వదిలితే ఎక్కువ వాలేవి. ఎక్కువ వాలితే ఆమె మళ్ళీ వచ్చేది.

ఆ మధ్యాహ్నం నేను ఆమె డబ్బా తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. పుంటికూర పచ్చడి పంపింది అందులో, చివరి పుంటికూర. తలుపు తీసే ఉంది. అవ్వ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి పోయినట్టుంది. గుంతలో నీళ్ళు ఇంకిన చోట, మన్ను మీద ఒక తెల్లటి పొర కనిపించింది. పక్క గోడల మీద కూడా, నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గీత గీసినట్టు. అవ్వ అది గోడ సున్నం రాలడమనుకుంది. నేను సున్నాన్ని రోజూ చూసేదాన్ని. అది సున్నంలా లేదు.

అప్పుడే దిగాను. అప్పుడే నోట్లో వేసుకున్నాను.

టాంకులో పోసే చిక్కటి ఉప్పు నీళ్ళు కూడా అలా ఉండవు. నాలుక మీద ముందు చేదు, తర్వాత మంట. ఉమ్మేసి, కొంగుతో నోరు తుడుచుకుని, మళ్ళీ అక్కడే కూర్చుండిపోయాను. మొక్కలు తాగింది నీళ్ళే. ఎండ తాగింది నీళ్ళే. నేను లెక్కలోకి తీసుకోని ఆ కొంచెం ఉప్పును మాత్రం ఎవరూ తాగలేదు. వదిలిన ప్రతిసారీ కొంచెం, అది అక్కడే కూర్చుంది. నా నాలుక నీళ్ళ గురించి సరిగ్గానే చెప్పింది. గుంత గురించి నేను దాన్ని అడగలేదు.

మాస్టర్‌కు చెప్పాను. "ఉప్పు," అన్నాను. అంతే అనగలిగాను.

"నీకెట్ల ఎరుక?"

"ఎరుకే."

ఆయన నా ముఖం చూసి, నవ్వకుండా, గల్లీ దాటి వెళ్ళి ఆ తెల్ల పొరను గోటితో గీకి చూశాడు. తిరిగి వచ్చి నూలు తొట్టి దగ్గర నిలబడ్డాడు. ఆయన జీవితమంతా ఉప్పుతో పనిచేసినవాడు. రంగు తొట్టిలో కూడా ఉప్పు పడుతుంది. రంగు నీళ్ళను వదిలి రాదు, ఉప్పు పడితేనే నూలులోకి పోతుంది. "తొట్లె రంగును నూలులకు తరుమనీకి మనం ఉప్పేస్తం," అన్నాడు. "ఆడనేమో చెట్లకెల్లి నీళ్ళను బయటికి తరుముతున్నది. నీళ్ళల్ల నిలబడి దూపైతున్నయి పిల్లా అవి."

మాలక్ ఆరోజే పైపు మూయించాడు. "నేను మంచికే ఇచ్చిన గద?" అని కార్ఖానాలో ఒక్కొక్కరినీ అడిగాడు. అందరూ అవునన్నారు. ఆయనకు అది సరిపోలేదు, మర్నాడు మళ్ళీ అడిగాడు.

ఉప్పును వదిలించే పద్ధతి మాకు తెలుసుననుకున్నాం. టాంకును ఎలా కడుగుతామో అలాగే. మంచి నీళ్ళు పోస్తూ ఉండాలి, ఉప్పు కిందికి దిగి పోతుంది. నల్లా వచ్చే రోజు చూసి చేద్దామని మాస్టర్ అన్నాడు. అవ్వ గల్లీ అంతా చెప్పుకుంది. ఆరోజు ఆడవాళ్ళు తమ నీళ్ళలోంచి ఒక్కో బిందె తెచ్చి పోశారు. నల్లా నీళ్ళు పరాయి చెట్లకు పోయడం ఆ పేటలో నేను ఎప్పుడూ చూడలేదు. ఒకావిడ పోస్తూ, "నా కోడలు స్నానం పోయిందవ్వా నీ మల్లెకు! పూస్తె దానికొక మూర ఇయ్యాలె," అన్నది. అందరూ నవ్వారు. అవ్వ అందరికంటే ఎక్కువ నవ్వింది. కొడుకు ఆటో ఆపి వచ్చి తానూ మోశాడు. నేను కూడా కొంగు బిగించి నిలబడ్డాను. ఆరోజు పానా అవసరం లేకుండానే ఇద్దరు ముగ్గురితో మాట్లాడాను.

సాయంత్రానికి నీళ్ళు దిగలేదు. పొద్దున కూడా దిగలేదు. గుంత చెరువులా నిండి, దాని మీద మల్లె ఆకులు తేలుతున్నాయి.

మాస్టర్ ఇనుప చువ్వ తెచ్చి, నీళ్ళలోంచి, మన్నులోంచి కిందికి పొడిచాడు. ఠంగుమన్నది. ఇంకోచోట పొడిచాడు. ఠంగ్.

"కిందేమున్నదవ్వా?"

"బండ," అన్నది అవ్వ. "షాబాదు బండ. ఆయిన ఏసిండు. కింద చెమ్మతోని మోకాళ్ళు పట్టుకుంటున్నయని, సున్నం పెట్టి, సందులన్ని మూసి, నీళ్ళు సుక్క రాకుంట ఏసిండు."

మాస్టర్ చువ్వ పైకి లాగాడు. పైకి చుక్క రానివ్వనిది కిందికి మాత్రం ఎందుకు పోనిస్తుంది? టాంకుకు అడుగున దారి ఉంటుంది. ఆ గుంతకు లేదు. మేమెవరమూ అడగలేదు, ఆమెకూ చెప్పాలని తోచలేదు. మాకు తెలిసినదీ ఆమెకు తెలిసినదీ ఒకచోట కలిసేసరికి మల్లె వేర్లు మురగడం మొదలైంది.

నీళ్ళు తోడేశారు. కొడుకే ఉలీ సుత్తీ తెచ్చాడు. "ఒక్క తూటు పడితె సాలన్నరు మాస్టర్. ఎండినంక బూడుస్తనన్న గని, నేను సంపుతననలె," అన్నాడు తల్లితో. కూర్చునే చోటు ముందున్న మన్నును పక్కకు లాగాడు. బండ బయటపడింది. దాని మీద పక్కపక్కన రెండు గుంటలు ఉన్నాయి, అరచేయి పట్టేంత. చెక్కలు తొక్కుతూ మడమలు ఆనించిన చోట రాయి అరిగి దిగిపోయింది. వాటిలో బురద నీళ్ళు నిలిచి ఉన్నాయి.

అవ్వ కొడుకు చేయి పట్టుకుని ఆపింది. "రేపు సూద్దం," అన్నది.

మర్నాటికి బండ ఆరింది. ఆ రెండు మడమల గుంటల్లో నీళ్ళు ఇగిరిపోయి ఉప్పు మిగిలింది. నల్లటి రాతి మీద రెండు తెల్లటి మడమలు.

అవ్వ గుంతలోకి దిగి కొంగుతో వాటిని తుడిచింది. ఆరిన కొద్దీ మళ్ళీ తెల్లగా తేలేది. మళ్ళీ తుడిచింది. మాస్టర్ మెల్లగా, "మూలకు కొడ్తం అవ్వా, గీడ కాదు," అన్నాడు.

"మూలకు కొడ్తె మొత్తం చీలుతది. షాబాదు బండ సంగతి నాకు తెల్వదా?"

"మరి చెట్లు?"

ఆమె పైకి చూసింది. ఆకులు రాలిన మల్లె తీగ గుంజలకు దారాల్లా వేలాడుతోంది.

"చెట్ల కోసం గుంత ఉంచిన్ననుకున్నవా మాస్టర్? గుంత కోసం చెట్లు పెట్టిన." కొడుకు వైపు తిరిగింది. "బూడ్చురా. బండను ముట్టకు. దాని మీద ఇంత మన్నేసి, మెల్లగ సిమెంట్ పొయ్యి. పగలొద్దు."

కొడుకు తల దించుకున్నాడు. అడిగింది దొరికినవాడి ముఖం అది కాదు. "వెనక బచ్చలి ఇంక పచ్చగనే ఉన్నది గదనే అమ్మా," అన్నాడు. "మాట ఇచ్చిన గద."

నిజమే. వెనక గుంజ దగ్గర బచ్చలి తీగకు నాలుగు ఆకులు నిగనిగలాడుతున్నాయి. అవ్వ వెళ్ళి తీగను వేరుతో సహా పీకి, మన్ను దులిపి, గడపలో నిలబడ్డ కోడలి చేతిలో పెట్టింది.

"పప్పుల ఎయ్యి. ఉప్పు సూసి ఎయ్యి."

పూడ్చిన రోజు నేను వెళ్ళలేదు. తూకం గదిలో తలుపు వేసుకుని ఉన్నాను. పుస్తకం తెరిచాను గాని ఒక్క పేజీ తిరగలేదు. తర్వాత అక్కడ రేకులు పడ్డాయి, మిషన్లు వచ్చాయి. కోడలు ఇంట్లోనే ఉండి టవళ్ళు కుడుతోంది. ఆ మిషన్ల చప్పుడు గల్లీ దాటి నాకు వినపడేది. ఆమెకు మంచే జరిగింది. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

కొంతకాలానికి మా కార్ఖానాను ఊరి బయటికి మార్చాలని నిర్ణయమైంది. అంత దూరం నేను పోలేనని మానేశాను. మానేసేముందు చివరిసారి టాంకు కడిగాను. నీళ్ళన్నీ ఇప్పుడు మోరీకే. అది తెలిసి కూడా, చేతిలో పానా ఉంది, ముందు పాత పైపు ఉంది, ఏదో పరధ్యానంలో రెండు దెబ్బలు కొట్టేశాను.

"వచ్చిన బిడ్డా, వచ్చిన!"

మిషన్ల చప్పుడు మధ్య నుంచి ఆ గొంతు వచ్చింది. వెనకే అవ్వ వచ్చింది. ఒళ్ళోని చాట కింద పెట్టి, హడావిడిగా, కొత్త సిమెంటు మీద నాలుగడుగులు వేసి, సరిగ్గా గుంత అంచు ఉండిన చోట ఆగిపోయింది. పైపు కొస గోడకు తీగతో కట్టి ఉంది. ఆమె దాని వైపు చూసింది, తర్వాత గల్లీ ఇవతల ఉన్న నా వైపు చూసింది. నేను ఏదో అనాలనుకున్నాను. గొంతు సవరించుకుంటూనే ఉన్నాను.

"కొట్టకు బిడ్డా ఇంక," అన్నది. "నువ్వు కొడ్తె లేస్తున్న. లేసినంక ఏడికి పోవాల్నో సమజైతలేదు."